రెండు కొనలు

పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి ఫోను, పెద్దవూర నుంచి.
"సారూ, రైతు ఏలు పెట్టిండు, చక్రం తిరుగుతనే ఉంది."
పదింటికి నిడమనూరు. పదీ ఐదుకు డిండి, త్రిపురారం, నాంపల్లి.
ఆ తర్వాత లెక్క పెట్టలే.

నల్లగొండల మా గదికి కిటికీ లేదు.
బయట లతీఫ్ సాబు గుట్ట ఉందని నమ్మాలె, అంతే.
డబ్బాల మీది పచ్చ దీపాలు రోజూ మినుకుమినుకుమంటయి
నలుగురు కూసొని ముచ్చట పెట్టుకున్నట్టు.
ఇయ్యాల ఆరకుండ వెలుగుతున్నయి,
ఊపిరి తీసుకోకుండ ఒర్లుతున్నట్టు.

నాలుగు మిల్లీసెకండ్లల వచ్చే జవాబు
నాలుగు వేలకు వచ్చింది. తర్వాత అదీ రాలే.
ఇమ్రోజ్ వైరసన్నడు.
హైదరాబాదుకు ఫోను కొడితే
మా దిక్కు అంతా మంచిగనే ఉందన్నరు.
హైదరాబాదు ఎప్పుడూ అదే అంటది.

కాంటాల కాడ వడ్లు కుప్పలు కుప్పలు.
పడమట మబ్బు.
డిండి నుంచి నేనావత్ దేవ్లా అనే ఆయన
ఇన్‌చార్జి చేతిల ఫోను గుంజుకొని అడిగిండు:
"నా ఏలు నాదేనని చెప్పనీకె ఎంతసేపు సారూ?"
నా కాడ జవాబు లేదు.
జర ఆగమన్న. ఆగిండు. ఆయన ఊపిరి ఇనబడుతనే ఉంది.

తీగ మీద పోయేదాన్ని పట్టి చూసిన.
ఒకటే ప్రశ్న.
ఈ నంబరు ఎవరిది? ఉన్నోళ్ళు నాకు చెప్పుండ్రి.
ఏదో కంప్యూటరు ఏదో ప్రింటరును ఎతుక్కుంట
తొమ్మిదీ ఇరవై ఒకటికి అడిగింది.
ఒక్కసారే అడిగింది.
అది ఇంకా తిరుగుతున్నది, సెకండుకు లక్ష సార్లు.
అడిగిన కంప్యూటరు మర్చిపోయి కూడా ఉంటది.
ప్రశ్నకు మాత్రం ఇల్లు చేరే తొవ్వ దొరకలే.

తప్పు మాది కూడా.
ఏడేండ్ల కింద జిల్లానంతా ఒకటే వాకిలి చేసినం,
నడుమ గోడలు లేపితే ఖర్చని.
ఒక మూలకు దగ్గితే ఇంకో మూలకు నిద్ర పట్టదు.

ఇగ మిగిలింది నీరటోని పని.
తూములు ఒక్కొక్కటి మూసుకుంట పోయిన.
దేవరకొండ దిక్కు మూసిన, ఒర్లుడు ఆగలే.
తెరిచి, మిర్యాలగూడ దిక్కు మూసిన.
గదికి గది ఊపిరి ఇడిచింది.
సగం. సగంల సగం. హాలియా.
హాలియా అవుతల తిరుమలగిరి... కాదు.
పెద్దవూర.

"మొదటి ఫోను వచ్చిన ఊరే గద అన్నా,"
అన్నడు ఇమ్రోజ్, నా మొహం చూడకుండ.
మొదట మొర పెట్టుకున్నోన్ని మొదట నమ్మం.
అది మా చదువు.

పెద్దవూరనొక్కదాన్ని కోసేసి
కడమ జిల్లానంతా తెరిచి జీపెక్కిన.

ఆఫీసుల బీరువ ఎనక, బూజుల, డబ్బా.
ఒక నీలం తీగ.
ఒక కొన మూడో బొక్కల,
ఇంకో కొన పదకొండో బొక్కల.
అదే డబ్బా.
తన చెవిల తనే చెప్పుకుంట, తనే ఇనుకుంట.

ఊడ్చే మల్కమ్మ చీపురు పట్టుకొనే నిలబడ్డది.
"ఏలాడుతుండె బిడ్డా. ఎవలన్న తట్టుకొని పడుతరని
కాళీ ఉన్నకాడ పెట్టిన. టక్కుమన్నది.
మంచిగ కూసున్నదే అనుకున్న."

మంచిగనే కూసున్నది.

పీకిన. అంతే పని. రెండు ఏళ్ళ పని.

రిపోర్టుల బాధ్యులు అని ఒక గడి ఉంటది.
దాంట్ల మా వాకిలి సంగతి రాసిన,
లేపని గోడల సంగతి రాసిన, జాగ సరిపోక ఎనక పేజీకి పోయిన.
నీలం తీగ మల్కమ్మకే ఇచ్చిన.
దండెం కట్టుకుంటనన్నది.

జీపు కాడికొచ్చేటాళ్ళకు చినుకులు.
ఏలు పడ్డదా అని అడుగుదామని డిండికి ఫోను కలిపిన.
మోగింది, మోగింది.
ఎవలూ ఎత్తలే.
పట్టాలు కప్పుతున్నరేమో.