దిక్సూచి

మెట్‌పల్లిల ఎరువుల దుకాణం మీది అంతస్తు.
మంగళవారం మంగళవారం అయస్కాంత జలం.
రాగిబిందె చుట్టు నల్లటి బిళ్లలు,
గోడకు మెదడు బొమ్మ,
దానికి పెండ్లి పందిరి బల్బులు.

ముప్పై ఏండ్లు ఫిజిక్స్ చెప్పినోణ్ణి.
బడి దిక్సూచి జేబుల ఏసుకొని పోయిన.
బిందె పక్కన పెడితే
ముల్లు ఉత్తరం వదల్లే.
మసి పూసిన కుండపెంకులవి.
లేచి చెప్పుదామని గొంతు సవరించుకున్న.

అప్పుడే రాజవ్వ వంతొచ్చింది.
బీడీలు చుట్టి చుట్టి వేలిగీతలు అరిగినయి,
పింఛన్ మిషిను ఆమెను
ఆమె కాదంటది.
దవాఖానల ఆమె పేరు నూట పద్నాలుగు.

ఈడ, టై కట్టిన పిలగాడు
"అవ్వా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగి
ఆగిండు.
జవాబు కోసం, నిజంగనే ఆగిండు.

దగ్గు దగ్గుకు నడుమ
రేకుల మీద కోతులు, కార్ఖాన తీసేసిన కట్టలు,
మొన్న ఎండకాలం పోయిన చెల్లె,
అన్నీ చెప్పింది.
పదిహేను తలకాయలు విన్నయి.
నీళ్లు తాగి "తేలికైంది" అన్నది.
అది అబద్ధం కాదు.
సీసా మూడు వందల యాభై,
అదీ అబద్ధం కాదు.

మెట్ల మీద ఆపిన.
"రాజవ్వా, అవి ఉత్త పెంకులు."
"ఎర్కే సారూ, నీళ్లు కుండ వాసనొస్తయి గద.
మా చిన్నోడు నీ దగ్గర్నే చదివిండు,
యాదికున్నడా?"

జేబుల ముల్లు
ఉత్తరం చూపిస్తనే ఉన్నది.
నాకు వాని పేరు రాలే.