నూట నలభై అంగలు

కాశీబుగ్గలో సాహు కొట్టు.
గాజుబల్ల మీద ఏడు టార్చిలైట్లు పరిచాడు
సంతలో చేపలు పరిచినట్టు.
నల్లది, పసుపుది,
పోలీసులు పట్టుకునే పొడుగుది,
నొక్కితే కూత పెట్టేది కూడా ఒకటి.

"ఇది కిలోమీటరు కొడతాదమ్మా."
"కిలోమీటరెళ్లి ఎవులు సూసొచ్చారు బాబూ?"
నవ్వాడు. పద్దెనిమిది వందలన్నాడు.
జీడిపిక్కలు కొట్టే చేతులు నావి,
జీడి అంటి వేళ్ల చివర తోలు నల్లగా లేచిపోయి ఉంటుంది.
పద్దెనిమిది వందలంటే ఎన్ని కేజీల పప్పో
ఆ వేళ్లే చెప్పేశాయి.
వెనక్కి తోశాను.

ఇంట్లో తుపాను సంచి కట్టి ఉంది.
రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య
ఆధార్లు, బేంకు పుస్తకం,
మా మావ డయాలసిస్ కాయితాలు.
అటుకులు, బెల్లం,
మైనంలో ముంచిన అగ్గిపుల్లలు,
నైలాను తాడు ఇరవై మూరలు.
లైటుకొక్కదానికే చోటు మిగిలింది.
తిత్లీ నుంచీ మిగిలే ఉంది.

చార్జింగుది తీశాడు. తెల్లగా, కళ్లు పోయేటట్టు.
"కరెంటు పోయాక దీనికెవులు కూడెడతారు?"
అప్పుడు మా స్తంభాలు
పదహారు రోజులు పొలాల్లో పడుకున్నాయి.
కిళ్లీకొట్టులో దొరికే సెల్లులు వేసేది చూపించమన్నాను.

ఇంకోటి వెలిగించాడు.
గోడంతా కళ్లాపి చల్లినట్టు పడింది వెలుగు.
"ఇల్లు తుడుసుకోడానికి బాగుంటాది.
నాకు సూదిలాగెళ్లాలి.
ఎల్లి తగలాలి."
"ఎలుగుబంటికా అమ్మా?"
తోటల్లోకి వస్తున్నాయి కదా, రోజూ అదే మాట.
అవునన్నాను.
అవుననడం సుళువు.

ఆరువందల నలభైది తీసుకుని రోడ్డెక్కాను.
కరెంటు కోత వేళ చూసుకునే వచ్చాను లెండి.
సాహు తన కుర్రాడు ఢిల్లేసుని వెనక పంపాడు,
లైటుతో పారిపోతాననుకున్నాడేమో.
మెట్టు దగ్గర మొదలు,
ఒకటి, రెండు, మూడు,
కొబ్బరికాయల లారీ, టీ బండి,
మూసేసిన ఫొటో స్టూడియో,
తొంభై, తొంభై ఒకటి,
ఎవరో పలకరిస్తే తలొక్కటే ఊపి
నూట పన్నెండు,
సిమెంటు బస్తాలు, కాలవ మీద పలక,
నూట నలభై.
ఆగాను.

ఈ దూరం నేను కొలిచిందే.
మా గుమ్మం నుంచి గెడ్డ అవతలి మొగలిపొద వరకూ.
ఆ రాత్రి మా చేతిలో ఉన్న చిన్న లైటు
అరవై దాకా వెళ్లి వానలో కరిగిపోయింది.
దానేసు గొంతు మాత్రం ఇవతలికి వచ్చింది.
"ఇటెయ్యండర్రా... ఇటు..."
గొంతు మీదికి లైటు వేశాం.
గాలి గొంతుని జరుపుతూ పోయింది.
మేమూ లైటుని జరుపుతూ పోయాం.
గెడ్డ తీశాక నడిచి చూశాను,
ముళ్లల్లో అతని తువ్వాలు చిక్కుకున్న చోటి దాకా.

వెనక్కి తిరిగి నొక్కాను.
అంత దూరంలో సాహు
చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కళ్లకి.
అయిదు వేళ్లూ కనిపించాయి.
ఉంగరం కూడా.

కొట్టు వెనక బకెట్టులో ముంచి చూశాం.
నీళ్లలోనూ వెలిగింది.
నలభై తగ్గించమంటే ఇరవై తగ్గించి
రెండు సెల్లులు ఊరికే ఇచ్చాడు.

ఊరికొచ్చేసరికి అన్నాల వేళ దాటింది.
చెప్పులు విడవకుండానే
గుమ్మంలో నిలబడి గెడ్డ అవతలికి వేశాను.
మొగలిపొద, దాని ఆకు ఆకు, ముల్లు ముల్లు.

పక్కింటి అరుగు మీంచి
దానేసు తల్లి తవిటమ్మ.
"ఎవులే అది?"
"నానే పిన్నీ."
"అందుతుందేటి?"
"అందుతుంది."
చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ తీయలేదు.
"అయితే ఆర్పీయ్," అంది,
"సెల్లయిపోద్ది."