బిగువు

తెరచాపల ఓడలో కొత్త కళాసీగా
నన్ను తీసుకున్నామని జాబు వచ్చిన పొద్దు
పెదనాయన చెంగల్రాయుడు
ఎవరిదో మోచేతికి వెదురుబద్దలు ఆనిస్తా ఉన్నాడు.
కోడిగుడ్డు సొనలో నానిన గుడ్డపీలిక
నా చేతిలో.

"సముద్రం ఎప్పుడన్నా చూస్తివా పాపా?"
తల ఎత్తకుండానే.
మద్రాసులో ఒకసారి. చెప్పులు చేతబట్టుకోని, మోకాలి దాకా.
పుత్తూరు కట్టుకని వరసలో కూచున్నోళ్లు నవ్వినారు,
చెయ్యి విరిగినాయన కూడా.

కొచ్చి నుంచి మారిషస్.
గాలి ఎట్ల చెప్తే అన్ని దినాలు.
పది నిలువుల కొయ్య ఎక్కాలంట, ఓడ ఊగతా ఉంటే.
ముడులు చీకట్లో రావాలంట, తడిచేతులతో.
బావి మోకు తెచ్చి మంచంకోడుకి వేసి చూసుకుంటి:
బరువు పడితే జారకూడదు,
పని తీరినాక ఒక్క లాగుకి విడిపోవాల.

పెదనాయన వచ్చి ముడిలో వేలు దూర్చబోయినాడు.
దూరలేదు.
"బిగువెక్కువ.
ఎముక నిలబడాల, నెత్తురూ పారాల.
ఓడకి నెత్తురేందో నాకు తెలవదు,
నువ్వే కనుక్కో."

సంచిలో రెండు జతల బట్టలు,
కడుపులో తిప్పితే నాకేదానికి నిమ్మకాయ ఊరగాయ,
ఆయన పాతపంచె చింపి చుట్టిచ్చిన పీలికలు.
ఎందుకని అడగలేదు.
అంత ఎత్తున ఎవరో ఒకరు కాలు జారతారు,
అది ఆయన లెక్క.

అరక్కోణం ప్యాసింజరు కదిలినాక చూసుకుంటే
గోళ్ల కింద ఇంకా సొన,
ఎండి, పెళుసుబారి.
ఉప్పునీళ్లకి పోతుందో, లేదో.