పసుపు పెచ్చు

పాత ఇటుక బడికీ కొత్త రెక్కకీ నడుమ
నాలుగంగుళాల తేడా.
కొలిచినవాడెవడో టేపు తప్పు మెట్టు మీద పెట్టి ఉంటాడు.
యాభై ఏడులో రెంటినీ కలిపితే
నేలలు కలవలేదు.
సిమెంటుతో చిన్న వాలు పోసి
సరిపెట్టేశారు, పెళ్ళిళ్ళలో సరిపెట్టినట్టు.

ఆ వాలుకి ప్రతి ఆగస్టులో
పసుపు రంగు వెయ్యడం నా పని.
నాకు ముందు ఎమిల్ హ్రుష్కా పని.
తాళాల గుత్తితో పాటు కుంచె కూడా చేతికిచ్చి
"పిల్లలు కింద చూడరు, నువ్వు చూడు" అన్నాడు.
అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆయన జన్మలో ఇవ్వలేదు.

పాత బడి ఇరవై ఆరు నాటిది.
క్లీవ్‌లాండ్ నుంచి వచ్చే ట్రాము ఇక ముందుకి పోలేక
ఆగిపోయే చోట, ఉల్లి మళ్ళు పూడ్చి కట్టారు.
ఒక గుమ్మం మీద బాలురు, ఒక గుమ్మం మీద బాలికలు
అని రాతిలో చెక్కించారు.
నా కాలానికి అందరూ బాలికల గుమ్మంలోంచే వచ్చేవారు.
బస్సు అక్కడే ఆగేది మరి.

బాయిలరు గది వెనక
బాంబు పడితే తినడానికని దాచిన బిస్కెట్ల డబ్బాలుండేవి.
బాంబు పడలేదు.
నేను చేరిన ఏడాది ఒకటి తెరిచి తిన్నాను.
అట్టముక్క నయం.

తర్వాత ఒకాయన వచ్చి, గోడలు తీసేస్తే
బుర్రలు తెరుచుకుంటాయన్నాడు.
మూడో రెక్క గోడల్లేకుండా లేచింది.
జామెట్రీలోకి ఫ్రెంచి, ఫ్రెంచిలోకి ఎవరిదో దగ్గు.
రెండేళ్ళు ఓర్చుకుని
టీచర్లే బీరువాలు ఈడ్చి అడ్డం పెట్టుకున్నారు.
ఆ బీరువాలు ఈడ్చిన గీతలు
ఎంత తుడిచినా పోలేదు నాకు.

ఒర్లీన్ టిబ్స్ అరవై ఆరులో వచ్చింది.
ఆ వీధిలో ఇల్లు కొనుక్కున్న మొదటి నల్లవాళ్ళ అమ్మాయి.
మొదటిరోజే వాలు దగ్గర తట్టుకుని పడింది.
ఆ వాలు దగ్గర పడనివాళ్ళు లేరు,
పడ్డవాళ్ళని చూసి నవ్వనివాళ్ళూ లేరు.
"కానీ నవ్వులో నవ్వుకి తేడా ఉంటుంది, వాల్టర్,
అది నాలుగంగుళాల కంటే ఎక్కువే" అని
ఒకసారి నాతో అంది, లెక్కల టీచరుగా తిరిగొచ్చాక.
ముప్ఫై ఒక్క సెప్టెంబరులు
ఆ వాలు పక్కనే నిలబడింది
చాక్‌పీసు వేళ్ళతో, కొత్త పిల్లల వైపు చూస్తూ,
"కాలెత్తు. కాలెత్తు నాన్నా."

కొత్త బడి అద్దాలది.
నేల ఈ చివర నుంచి ఆ చివరకి
గోళీ పెడితే కదలదు.
పాతదాన్ని కూల్చిన రోజు
ఇటుక పది డాలర్లకి అమ్మారు, జనం వరస కట్టారు.
ఒర్లీన్ మడతకుర్చీ వేసుకుని కూర్చుంది, ఏమీ కొనలేదు.
యంత్రం బాలికల గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

నేను ఆ వాలు ముక్క అడిగాను.
కాంట్రాక్టరు కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి
డబ్బులొద్దులే తాతా అన్నాడు.

ఇప్పుడది వంటింటి కిటికీలో ఉంది.
సిమెంటు రాలిపోయింది, రంగే మిగిలింది,
బొటనవేలంత మందాన.
భూతద్దంతో పక్కనుంచి చూస్తే పొరలు.
ఊరు పన్ను పెంచడానికి ఒప్పుకోక, బడి ఆరువారాలు
మూసేసిన ఏడాది పొర లేదు.
ఆ కింద ఒక నల్లటి గీత ఉంది, దుమ్ము.
ఒకచోట పసుపు ముదురు: అది నా తప్పు,
వీధి గీతలకి వాడే డబ్బా తెచ్చాను.

యాభై నాలుగు లెక్కపెట్టాను.
మొన్న మళ్ళీ లెక్కపెడితే యాభై ఆరు.
అడుగున, ఎమిల్ పొరల్లో ఎక్కడో,
ఒక వెంట్రుక ఇరుక్కుని ఉంది.
కుంచెదో,
పడ్డవాళ్ళదో.