హ్రస్వం

యీబిన్‌లో, సారా కార్ఖానా క్యాంటీన్‌లో
మంగళ, గురువారాలు రాత్రి ఏడింటికి ఇంగ్లీషు.
బల్లలు ఎన్నిసార్లు తుడిచినా మిరపనూనె వాసన పోదు.
బోర్డు లేదు. రేపటి కూరలు రాసే పలక మీద
వంకాయను చెరిపి ఒక మాట రాశాను:
స్టిల్.

పదకొండు మంది, అందరూ నాకన్నా పెద్దవాళ్ళు.
వచ్చే ఏడు విదేశీయులొస్తారట,
వాళ్ళకు పాత మట్టిగోతులు చూపించాలట.
మేనేజరు నేర్చుకోమన్నాడు, నేర్చుకుంటున్నారు.

కదలనిది స్టిల్, అన్నాను.
గాలి లేని పూట నది.
ఫోటో కోసం ఊపిరి బిగబట్టిన పిల్లాడు.
పులిసిన జొన్న ఆవిరిని చుక్కలుగా దించే మీ బట్టీ,
దాని పేరూ అదే.
"రాత్రింబవళ్ళు బుసలు కొడుతుంది, అది కదలనిదా?"
వెనక బల్ల నవ్వింది.
అవి ఒక తల్లి బిడ్డలు కావు, అన్నాను.
ఇంగ్లీషు ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు తిరుగుతుంటారు,
పిలిచినప్పుడు ఎవరు పలికారో చూసుకోవాలి.

ఇక మూడోది: ఇంకా.
పోలేదు, అయిపోలేదు, ఉంది ఇంకా.
పక్కన మన అక్షరం రాశాను, దీనికేం వివరణ అని.
అందరూ హాయ్ అని చదివారు.
గౌ దెలిన్ ఒక్కడూ హ్వాన్ అన్నాడు.

తప్పు కాదు. ఆ అక్షరానికి రెండు గొంతులు.
హాయ్ అంటే ఇంకా.
హ్వాన్ అంటే తిరిగిచ్చెయ్యి, బాకీ తీర్చు.
చిన్నప్పటి నుంచీ రాస్తున్నాను,
ఆ రెండూ ఒకే గదిలో కాపురముంటున్నాయని
ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

గౌ వయసు యాభై ఎనిమిది.
ధార మీద బుడగల సైజు చూసి
సారా ఘాటు అంకెతో సహా చెబుతాడు.
హ్రస్వం మాత్రం నోరు తిరగదు.
స్టిల్ అనమంటే స్టీల్ అంటాడు.
అలా అంటే ఉక్కు, మామా.
ఇంకోలా రాస్తే దొంగతనం.
ఆయన రెండూ రాసుకున్నాడు, పెన్సిల్ నాలిక మీద అద్ది.

గురువారం, వాక్యాలు.
ఒకామె: మా అత్త ఇంకా నిద్రపోలేదు.
ఒకాయన: నేను ఇంకా పొట్టి.
గౌ లేచాడు, కాగితం దూరంగా పట్టుకుని.
"మౌ గ్వాంగ్‌ఫు సీసా నా దగ్గర... స్టీల్."
క్యాంటీన్ ఘొల్లుమంది.
ఆయన కూచోలేదు.

వెదురు అల్లిక ఉన్న సీసా అట.
కూతురు పుట్టినప్పుడు అత్తవారికి సారా పట్టుకెళ్ళడానికి అడిగాడు.
ఆ వసంతంలోనే మౌను లూజౌ గోదాముకు మార్చారు.
ఇద్దాం ఇద్దాం అనుకుంటుంటే
కూతురికి కూతురు పుట్టింది.
మౌ పోయి ఆరేళ్ళు.
"ఇంత ఆలస్యానికి ఏ మాట వాడాలి టీచర్,
పొట్టిదా, పొడుగుదా?"

నా దగ్గర ఎర్ర పెన్ను ఉంది, జవాబు లేదు.
నాలిక కింద పెట్టండి, గొంతు బిగించకండి అని
ఉచ్చారణ చెప్పాను. సిగ్గేసింది.

తరవాతి మంగళవారం ఆయన కుర్చీ ఖాళీ.
గురువారం వచ్చాడు, ఆలస్యంగా,
చంకలో గాజు జాడీ.
మౌ కూతురికి ఆ సీసా మాట అసలు తెలియదట.
తండ్రి ఏనాడూ అననే లేదట.
అల్లికను బొటనవేలితో తడిమి, తడిమి,
లోపలికెళ్ళి ఆవకూర కాడల ఊరగాయ
ఈ జాడీ నిండా పెట్టిచ్చిందట.

అందరం తలో ముక్క తిన్నాం, అన్నం లేకుండానే.
ఉప్పెక్కువ.
ఖాళీ జాడీని కుళాయి కింద కడిగి,
గుడ్డతో తుడిచి, దీపానికెదురుగా తిప్పి చూసుకుని,
గౌ పలక దాకా నడిచాడు.
"వాళ్ళ జాడీ," అన్నాడు ఇంగ్లీషులో,
"నా దగ్గర. స్టిల్."
హ్రస్వమే.
వెనక బల్లలో ఎవరో లూజౌకు బస్సు ఛార్జీ ఎంతని అడిగారు.