మూడు సెకన్లు

కోర్సు ఊరికే ఇస్తున్నారన్నాడు హెడ్మాస్టరు.
ఊరికే అన్న మాటకి రెండర్థాలు.
ఏ అర్థంలో అన్నాడో అడగలేదు.

అత్-బాషి లోయలో ఫిబ్రవరి.
సిగ్నలు మా వంటింట్లోకి రాదు, మంచం దాకా రాదు.
కొట్టం కప్పు మీద, గడ్డివాము పక్కన
మూడడుగుల మేర మాత్రం వచ్చి నిలబడుతుంది.
గొర్రెతోలు కోటు బిగించి నిచ్చెనెక్కాను,
ఇరవై ఆరేళ్ళ సుద్దపొడి తర్వాత
బురుల్‌కాన్ అనే కొత్త విద్యార్థిని.

ఉచితమే, కాదనను.
నెట్ ప్యాకేజీకి మాత్రం వారం గుడ్లు అమ్మాను.
"ఎలాగూ పైనే ఉన్నావు,
రెండు కట్టలు గడ్డి కిందికి తొయ్యి" అన్నాడు మా ఆయన.

మొదటి పరీక్షలో పదికి ఆరు. ఏడొస్తేనే పాసు.
"మళ్ళీ ప్రయత్నించండి" అంది తెర, మర్యాదగానే.
ఎర్రసిరా లేదు, చెవి మెలిపెట్టినవాళ్ళు లేరు,
అయినా ఆ రాత్రి రొట్టె గొంతు దిగలేదు.
ఎంతమందికి వేశానో ఆ ఆరు,
ఒక చేత్తో టీ తాగుతూ.

మూడో పాఠంలో
చొక్కాకి సుద్దమరక అంటని పెద్దమనిషెవరో అన్నాడు:
ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి.
చాలామంది ఒక్కటి కూడా ఆగరు.
నేను ఆగుతానే, అనుకున్నాను.
అంతలో ఆయనే ఆగిపోయాడు
సగం తెరిచిన నోటితో.
తెర మధ్య గుండ్రటి గీత తిరుగుతోంది.
కింద ఆవు నెమరేస్తోంది.
ఒకటి, రెండు, మూడు.
ఇంత పొడుగా!
నేనెప్పుడూ ఇంతసేపు ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు నాలుగో తరగతి.
నలభై ఎనిమిది గొర్రెలు, ఆరు దొడ్లు.
ఒక్కో దొడ్లో ఎన్ని?
ఐజర్కిన్ పెదాల మీదికి ఎనిమిది వచ్చేసింది.
అరచెయ్యి చూపి ఆపాను.
ఒకటి. పొయ్యిలో పిడక చిటపటలాడింది.
రెండు. ఎవరిదో బూటు నేలకి రాసుకుంది.
మూడు. జవాబు నా నాలుక మీదే దురద పెడుతోంది.
నాలుగు...
చివరి బల్ల నుంచి
సెప్టెంబరులో చేరినప్పటినుంచీ హాజరుకి తప్ప నోరిప్పని శాయిర్‌బెక్
"ఏ నెలలో, ఎజెకే?" అన్నాడు.

"ఈనే నెలలైతే తల్లుల్ని వేరే ఉంచాలి.
పిల్లల్ని వారం దాకా లెక్కలో వెయ్యం.
పొట్టేళ్ళని కలిపితే పొడుచుకుంటాయి.
మా ఆరో దొడ్డికి తలుపే లేదు."

ఎవరూ నవ్వలేదు.
ఐజర్కిన్ తన ఎనిమిదిని కొట్టేసింది.
గంట కొట్టినా ఆ లెక్క తెగలేదు.

సర్టిఫికెట్లో నా పేరు ఒక అక్షరం పోగొట్టుకుంది.
రంగుల్లో ప్రింటు కావాలట హెడ్మాస్టరు ఫైలుకి,
నారిన్ దాకా బస్సు, పైగా ప్రింటు ఖర్చు.
అదీ ఊరికే రాదు,
చివరి పెట్టె నింపితేనే:
మీరేం నేర్చుకున్నారు?

వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
"ఏ నెలలో" అని మాత్రం కొట్టి పంపాను.
గుండ్రటి గీత తిరుగుతోంది.
కిందనుంచి మా ఆయన నిచ్చెన కదిపాడు.
ఉండవయ్యా, అన్నాను,
ఇంకా రెండే అయ్యాయి.