మొదటి పాఠం, ముప్పై ఎనిమిదో నంబరు

బార్న్‌స్లీ లైబ్రరీ పై అంతస్తు, మంగళవారం సాయంత్రం.
హీటరు పనిచేయదు.
కోట్లు విప్పకుండానే కూర్చున్నారు తొమ్మిదిమంది.

"ఈ దేశానికి రాజ్యాంగం ఉంది,
ఒక్క పుస్తకంగా మాత్రం లేదు" అన్నాను.
ఏటా చెప్పే మాటే. ఏటా ఇక్కడ ఎవరో ఒకరు నవ్వుతారు.
ఈసారి మురియెల్ ఓల్డ్‌రాయిడ్:
"మా అత్తగారి వంటలాగన్నమాట.
ఎక్కడా రాసిపెట్టలేదు,
చిటికెడు ఉప్పు మార్చామా, ఊరుకునేది కాదు."
నోట్సులో రాసుకోమన్నాను.
నా నిర్వచనం కన్నా అదే నయం.

బోర్డు మీద బాణాలు గీశాను.
ఆకుపచ్చ పత్రం, ప్రజాభిప్రాయ సేకరణ, తెల్ల పత్రం,
బిల్లు, మొదటి పఠనం,
పేరుకే పఠనం, చదివేవాళ్లుండరు,
రెండోది, కమిటీ, ప్రభువుల సభ.
రాజు ఆమోదం దాకా రాకముందే
మార్కరు ఎండిపోయింది.
నోటితోనే లాక్కొచ్చాను:
ఓటింగు గంట మోగాక ఎనిమిది నిమిషాలు,
ఆపైన తలుపులు మూసేస్తారు,
అవునో కాదో
కాళ్లతో నడిచి చెబుతారు.

వెనక వరుసలో చెయ్యి లేచింది.
ఆల్విన్ క్రాబ్‌ట్రీ, ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాడు.
"వీటిలో మా ముప్పై ఎనిమిదిని
ఏ బాణం తీసేసింది, మిస్?"

కంపెనీ నష్టం అంటుంది.
కౌన్సిలు, గ్రాంటు కోశారంటుంది.
మంత్రిత్వశాఖ ఉత్తరం రాసింది, ఇది స్థానిక నిర్ణయమని.
శనివారం చర్చి హాల్లో ఎంపీని కలిశాడట.
మంచివాడే. టీ ఇప్పించాడు,
స్పెల్లింగు అడిగి మరీ పేరు రాసుకున్నాడు.
"ఆఖరి ట్రిప్పులో పద్నాలుగుమంది. నేనే లెక్కపెట్టాను.
అభిప్రాయాల ఫారంలో
పద్నాలుగు అని రాయడానికి గడి లేదు."

ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
అధికార వికేంద్రీకరణ అన్న మాట నాలుక చివరికొచ్చింది.
మింగేశాను.
"వచ్చే వారం చూద్దాం" అన్నాను,
అచ్చం మంత్రిలా.

ఎనిమిదిన్నరకి సన్నటి వాన.
స్టాపులో టైంటేబుల్ అద్దం ఉంది, లోపల కాగితం లేదు.
ముగ్గుర్ని నా కారెక్కించుకున్నాను.
దారి నాకు తెలిసిందే, అయినా ఆల్విన్
ఒక్కో మలుపు దగ్గర గొంతు తగ్గించి
స్టాపు పేరు చెబుతూ వచ్చాడు:
గ్యాస్ వీధి. పాత గని గేటు.
ఇక్కడ నర్సు ఎక్కేది, రాత్రి డ్యూటీకి.
ఇక్కడ ఒకాయన, ఊరికే, ఇంట్లో చలికి.
ఎదురుగా ఏదో బస్సు వస్తే
స్టీరింగు లేని చెయ్యి తనంత తానే
సగం లేచింది, పలకరింపుగా.
ఆ డ్రైవరు చూడలేదు.

వాళ్ల ఇంటి ముందు ఆపాను.
డోరు తీసి, ఒక కాలు బయటపెట్టి, ఈ ఊళ్లో
దిగే ప్రతి ఒక్కరూ అనే మాటే అన్నాడు:
"థాంక్యూ, డ్రైవర్."

గేరు వెయ్యడానికి
నాకు కొంచెం టైం పట్టింది.